నడికట్టు

"చేతులు తీసెయ్యండి సార్, పడదు," అన్నాడు షాపు వెంకట్రావు.

ఆయన ఆ మాట అనడం ఇది రెండోసారి. శ్రవణ్‌కుమార్‌కు చెవుడేమీ లేదు, రెండుసార్లూ వినబడింది, తీసేద్దామనే అనుకున్నాడు కూడా, కానీ ఆ చేతులు అతని మాట వింటేగా, బ్యాగు వీపు మీదికి ఎక్కిందో లేదో రెండూ వెనక్కి పోయి దాని అడుగున వేళ్ళలో వేళ్ళు వేసుకొని కూర్చున్నాయి, పదహారేళ్ళు చేసిన కొలువు మరి, దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాగులమ్ముకునే ఆయనెవరో చెబితే మానేస్తాయా. ఎదురుగా నిలువుటద్దం. అద్దంలో చీరల షోరూమ్ వాళ్ళిచ్చిన చొక్కాతో ముప్పై దాటిన మనిషి, అతని తల వెనక నుంచి తొంగిచూస్తున్న ముదురు నీలం బ్యాగు, అరవై లీటర్లది, బరువు తెలియడానికి అందులో వెంకట్రావు కుక్కిన ఇసుక సంచులు. కింద డిపోలోకి తిరిగే బస్సుల హారన్లు, ఫుట్‌పాత్ మీద చున్నీలమ్మే ఆవిడ కేకలు, పక్క దుకాణంలో జిలేబీ నూనె వాసన, అన్నీ ఈ మెట్లెక్కి పైకి వస్తున్నాయి. రేపు సాయంత్రం రైలు. బ్యాగు ఇవాళ తీసుకోకపోతే రేపు రైలెక్కడు, ఆ సంగతి అతనికి తెలుసు, తల్లి రాధమ్మకు ఇంకా బాగా తెలుసు. నెల నుంచి బూట్లు కొన్నాడు, స్వెట్టర్ కొన్నాడు, ఉన్ని టోపీ కొన్నాడు, మంచు మీద ఎండకు నల్ల కళ్ళద్దాలు కూడా కొన్నాడు, బ్యాగు మాత్రం కొనలేదు, రోజూ షోరూమ్ నుంచి ఇంటికి పోతూ ఈ మెట్ల ముందు ఒక్క క్షణం ఆగి రేపు చూద్దాంలే అనుకొని పోయేవాడు. వీపు మీద వేసుకునేది కదా. ఆ వీపు మీద క్రాంతి కాక ఇంకొకటి ఎక్కడమంటే, అది ఎంత మంచిదైనా కానీ, ప్రాణం ఒప్పుకోవద్దా. వెంకట్రావు టేపు తీసి అతని మెడ కింద ఎముక నుంచి నడుం ఎముక దాకా కొలిచి, ఈ సైజు మీకు కుట్టించినట్టే ఉందండీ అని సంబరపడ్డాడు. నాయన కూడా సరిగ్గా అక్కడే కొలిచాడు, అక్కడి నుంచి అక్కడికే, కాకపోతే ఆయన మూర వేసి కొలిచాడు, జాన పెట్టి కొలిచాడు, నాయన వేళ్ళు చల్లగా ఉండేవి, రంగు వాసన వచ్చేవి.

క్రాంతి అంటే క్రాంతికుమార్, శ్రవణ్ తమ్ముడు, పోయి ఏడాది దాటింది. కండరాలు కొంచెం కొంచెంగా కరిగిపోయే జబ్బు. అయిదేళ్ళప్పుడు ఉత్తినే పడిపోయేవాడు, అల్లరి ఎక్కువైందనుకొని నాయన తిట్టేవాడు, తొమ్మిదేళ్ళకు నడక ఆగింది. దవాఖాన వాళ్ళు చక్రాల కుర్చీ ఇప్పించారు, బానే ఉంది, చక్రాలు మెట్లెక్కవు కదా, ఎల్బీనగర్‌లో వీళ్ళది రెండో అంతస్తు కిరాయి ఇల్లు, లిఫ్టు లేదు. మొదట అమ్మ పాత చీరతో వాణ్ణి అన్న వీపుకు కట్టేది, అది జారేది, మెట్ల మధ్యలో ఆగి గోడకు ఆనుకొని మళ్ళీ బిగించాల్సి వచ్చేది, అది చూసి నాయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాయన హనుమాండ్లు పోచంపల్లి దగ్గరి మగ్గం మనిషి, సిటీకొచ్చి చీరల దుకాణంలో చీరలు మడతపెట్టే పనిలో కుదిరాడు, మగ్గం ఊళ్ళో పెదనాన్న ఇంట్లో ఉండిపోయింది. ఆ ఆదివారం ఇద్దరు కొడుకులనూ గోడకు నిలబెట్టి, చిన్నవాణ్ణి పెద్దవాడి వీపుకు ఆనించి, ఇద్దరినీ కలిపి ఒక్క మనిషిని కొలిచినట్టు కొలిచాడు. ఊరికి పోయి, రెండేసి పోగులు కలిపి, జానెడు వెడల్పుతో పొడుగాటి నడికట్టు నేసుకొచ్చాడు. అది క్రాంతి తుంటి కింద నుంచి వచ్చి, శ్రవణ్ నడుం చుట్టూ తిరిగి, ఛాతీ మీద అడ్డంగా పోయి బొడ్డు దగ్గర ముడిపడేది. లాగితే సాగదు, ఎంత చెమట పట్టినా జారదు. వీడు పెరిగిన కొద్దీ అది చాలకపోయేది, నాయన ఇంకొకటి నేసేవాడు. ముడి ఎలా వేయాలో నేర్పిన రోజే, ఎలా విప్పాలో కూడా గట్టిగా చెప్పాడు. మగ్గం మీద నేసిన బట్ట కోసేటప్పుడు అవతలి మనిషి చెంగు పట్టుకొని, పట్టుకున్న అని పైకి అంటేనే కత్తెర పడుతుంది, అనకుండా కోస్తే చేసిన పనంతా మగ్గం కింది గుంటలో పడుతుంది. ఇక్కడా అంతే. ఎనక మనిషి పట్టుకున్న అననిదే ముడి మీద చెయ్యేసినవంటే నీ సంగతి చెప్త, అన్నాడు నాయన. పదహారేళ్ళలో ఒక్కరోజు కూడా ఆ మాట వినకుండా శ్రవణ్ ముడి విప్పలేదు. బయటి నుంచి వచ్చి మంచం వైపు వీపు పెట్టి నిలబడేవాడు, అమ్మ వెనక నుంచి వచ్చి రెండు చేతులూ క్రాంతి కిందికి పెట్టేది, పట్టుకున్న, ఇగ ఇప్పు అనేది, అప్పుడు ముడి, అప్పుడు మంచం, ఆ తర్వాతే మంచినీళ్ళు.

చివరి నడికట్టు మీద కొండలుండేవి. క్రాంతే అడిగి నేయించుకున్నాడు. నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగులో ముంచితే కట్టిన చోట తెల్లగా మిగిలి, నేసేటప్పుడు బొమ్మ తేలుతుంది, అదే కదా పోచంపల్లి పని, నాయన చేతుల్లో ఏనుగులు తేలాయి, చిలకలు తేలాయి, ఎన్నడూ కళ్ళజూడని మంచు కొండ మాత్రం తేలనంది. క్రాంతి ఫోన్‌లో చూపించాడు. నాయన కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూశాడు. నీలం మీద తెల్లటి మూడు మూలల వరస ఒకటి నేసుకొచ్చి మంచం మీద పరిస్తే, "సమోసాలు మంచిగొచ్చినై నాయినా," అన్నాడు వీడు, నాయన పగలబడి నవ్వాడు, అసలే నవ్వని మనిషి, నవ్వి నవ్వి దగ్గాడు. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడు, కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయాడు. ఆయన పోయినా సమోసాలు ఇంట్లో ఉన్నాయి, అన్నదమ్ముల మధ్య రోజూ బిగుసుకుంటూ ఉన్నాయి. ఇప్పుడవీ లేవు. క్రాంతి పోయిన రోజు, వానికి ఇష్టమైనవేవైనా ఉంటే పెట్టండి అని పెద్దమనిషెవరో అన్నాడు, శ్రవణ్ లోపలికి పోయి కొక్కేనికి వేలాడుతున్న నడికట్టు తెచ్చి, వాడి నడుం చుట్టూ తిప్పి బొడ్డు దగ్గర ముడి వేశాడు. ఒక్కడే పోతున్నాడు కదా, అక్కడ ఎవరి వీపు ఎక్కుతాడో ఏమో, కట్టుకోవడానికైనా ఉండాలి కదా అనిపించింది. నాయన లేడు కాబట్టి నిప్పుకుండ తనే పట్టుకొని ముందు నడిచాడు, క్రాంతి వెనక నలుగురి భుజాల మీద వచ్చాడు. నడక ఆగాక, అన్న వీపు మీద లేకుండా వాడు ఆ మెట్లు దిగడం అదే మొదలు, అదే చివర. పాడె మీద నుంచి దించేటప్పుడు ఎవరూ పట్టుకున్న అనలేదు. శ్రవణ్ విందామని నిలబడ్డాడు, పిచ్చివాడిలా నిలబడ్డాడు, ఎవరూ అనలేదు, వాళ్ళకేం తెలుసు. ఇప్పుడు ప్రతి రోజూ అనిపిస్తుంది, ఉంచుకోవలసింది, కొసన ఒక్క జానెడు ముక్కైనా కోసి ఉంచుకోవలసింది, నాయన చేతి పనీ పోయింది, తమ్ముడి చెమట వాసనా పోయింది, రెండూ ఒకే మంటలో పోయాయి, తనే వేశాడు.

"సార్, పైన రెండు పట్టీలు లాగి చూడండి, బరువు మొత్తం నడుం మీదికి దిగుద్ది," అంటున్నాడు వెంకట్రావు, ఆయనకు ఓపిక ఎక్కువే, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇన్నేళ్ళయినా ఆ దిగుద్ది పోలేదు. బరువు నడుం మీదికి దిగాలి, భుజాల మీద ఉండకూడదు, ఈ పాఠం శ్రవణ్ ఎప్పుడో విన్నాడు. క్రాంతికి చివరికి కుడిచేతి రెండు వేళ్ళు, నోరు, ఈ మూడే మిగిలాయి, ఆ రెండు వేళ్ళతో ఫోన్‌లో కొండలెక్కేవాళ్ళ వీడియోలు చూసేవాడు, ఆ నోటితో రోజంతా వాటి సంగతులు చెప్పేవాడు. ఏ బ్యాగుకు లోపల కమ్మీ ఉంటుంది, ఏది వానకు తడుస్తుంది, నిద్రపోయే సంచీ అడుగున ఎందుకు పెట్టాలి, బరువైనవి వీపుకు దగ్గరగా ఎందుకు పెట్టాలి, తొమ్మిదో ఏట నుంచి ఒక్క మెట్టు ఎక్కనివాడికి ఎన్ని సంగతులో. మెట్ల మీద మొదటి మలుపు దగ్గర అన్న ఊపిరి తీసుకోవడానికి ఆగితే బేస్ క్యాంపు అనేవాడు. రెండో మలుపు దగ్గర, ఇక్కడ గాలి తక్కువుంటది మెల్లగ నడువు, అని చెవిలో చెప్పేవాడు. మీద కూర్చొని సలహాలిస్తే ఎవరికి మండదు, మండేది, కిందేస్తా నిన్ను అనేవాడు శ్రవణ్, వాడు కిసుక్కున నవ్వేవాడు, ఆ నవ్వు మెడ మీద తగిలేది. ఇప్పుడు మెడ మీద ఏసీ గాలి తగులుతోంది.

ఈ ప్రయాణం సంగతి క్రాంతి అడిగింది, తను పోయే ముందు చలికాలంలో. కిటికీ పక్క మంచం, బయట మెట్రో రైలు మలుపు తిరుగుతున్న చప్పుడు. అన్న పక్కన కూర్చొని గోళ్ళు తీస్తున్నాడు.

"నన్ను దించినంక ఖాలీ వీపుతోని తిరగకన్నా," అన్నాడు క్రాంతి. "ముందుకు పడ్తవ్."

"నోర్ముయ్."

"నిజం చెప్తున్న. పెద్ద బ్యాగేసుకొని మంచు కొండకు పో. నడుముకు పట్టీ మంచిగుండేది సూసి తీస్కో. బరువు సంగతి నాకెరుక, పదహారేండ్లసంది బరువునే నేను."

గోరు కొంచెం లోతుకు తెగింది, రక్తం బొట్టు వచ్చింది, వాడు అబ్బా అని కూడా అనలేదు, పోతవా పోవా అని అడిగాడు. పోతనన్నాడు శ్రవణ్. ఏడాది దాకా కుదరలేదు. మనిషి పోయిన ఇంటివాళ్ళు ఏడాది మాసికం అయ్యేదాకా గుట్ట ఎక్కకూడదు కదా, మంచు గుట్టకు కూడా ఆ పట్టింపు ఉంటుందా అని ఎదురింటి అండాలమ్మకు అనుమానం వచ్చింది, గుట్టంటే గుట్టనే అని తేల్చేసింది రాధమ్మ. శ్రవణ్‌కు లోపల హాయనిపించింది. మాసికం అయిన మర్నాడే అమ్మ అడిగింది, టికెట్ ఎప్పుడు తీస్తున్నవని. కొడుకు ముందుకు వంగి నడుస్తున్నాడని ఆమె ఏడాది నుంచీ చూస్తోంది, ఎవరికీ చెప్పలేదు.

"దించండి సార్, ఇంకో రెండు మోడళ్ళున్నాయి, అవీ చూద్దురుగాని." వెంకట్రావు స్టూలు జరిపాడు. శ్రవణ్ బలవంతాన ఒక చెయ్యి ముందుకు తెచ్చి నడుం దగ్గరి బకిల్ మీద వేళ్ళు పెట్టాడు. నొక్కితే ఊడుతుంది. వేళ్ళు అక్కడే ఉన్నాయి. వెనక మనిషి ఏమీ అనడం లేదు. వెనక మనిషి ఎవరసలు, వెంకట్రావు ముందు నిలబడి ఉన్నాడు, వెనక గోడ, గోడకు టోపీలు. పిచ్చెక్కిందా నీకు, ఇది బ్యాగురా, ఇసుకరా లోపల, అని తనను తను తిట్టుకున్నాడు. బ్యాగే, కాదన్నదెవరు. అయినా వేలు నొక్కలేదు, ఆ చెయ్యి మళ్ళీ వెనక్కే పోయింది. చెవులు వెనక్కి పెట్టుకొని నిలబడ్డాడు. చివరికి, ఇదే తీసుకుంటా, ఇట్లనే ఏసుకొని పోతా అన్నాడు. లోపల ఇసుక సంచులు మావండీ అన్నాడు వెంకట్రావు, నవ్వాలో వద్దో తెలియక. మీదికెల్లి తీయండి, అన్నాడు శ్రవణ్.

వెంకట్రావు స్టూలెక్కాడు. ఎక్కేటప్పుడు వింతగా చూశాడు గానీ ఇన్నేళ్ళ వ్యాపారంలో రకరకాల మనుషులను చూసినవాడు. బ్యాగు మూతి తాడు లాగాడు. ఒక సంచి తీశాడు. శ్రవణ్ భుజం మీద అది తెలిసింది, ఆ తేలిక అతనికి బాగా తెలుసు. చివరి ఏడాది క్రాంతి ఇలాగే తగ్గాడు. ఒక నెల మెట్లెక్కుతుంటే ఏదో మారినట్టుండేది, ఏం తింటలేవారా అని కసిరేవాడు. రెండో సంచి తీశాడు వెంకట్రావు. బోనాల పండుగ అప్పుడు వీడి మోకాళ్ళు అన్న పక్కటెముకలకు గుచ్చుకోవడం మొదలైంది, నడికట్టు ఇంకొక చుట్టు తిరిగింది. ఇంకొక సంచి. దీపావళికి, ఎక్కినవా అని అడగాల్సి వచ్చింది, ఎక్కి గంటైంది అన్నాడు వాడు, ఇద్దరూ నవ్వారు, వెనక వాణ్ణి పట్టుకున్న అమ్మ మాత్రం నవ్వలేదు. అల్కగైండు బిడ్డ, బరువే లేడు, అంది ఆ రాత్రి, గిన్నెలు తోముతూ, ఎవరితోనూ అన్నట్టు కాకుండా. ఇంకొకటి. చాలు, ఇక తీయకండి అని అరవాలనిపించింది, దవాఖానలో కూడా ఇలాగే అనిపించింది, ఎవరు తీస్తున్నారో కనబడితే కదా అరవడానికి. ఇంకొకటి. ఆఖరిది అడుగున ఇరుక్కుంది, వెంకట్రావు చెయ్యి లోపలిదాకా పెట్టి లాగాడు, లాగగానే శ్రవణ్ ముందుకు తూలాడు, తూలి రెండడుగులు పరుగులా వేసి అద్దానికి నుదురు తగిలేంతలో ఆగాడు. ముందుకు పడ్తవ్ అన్నాడు వాడు. చెప్పాడు కదా దొంగ, చెప్పే పోయాడు. అద్దంలో తన మొహం మరీ దగ్గరగా ఉంది, దాని మీద ఊపిరి ఆవిరి కమ్మింది, అతను ఏడ్చాడు, అన్నీ పోయిన మనిషి ఏడ్చినట్టు, పరాయి దుకాణంలో, సిగ్గు లేకుండా ఏడ్చాడు. చేతులు అప్పటికీ వెనకే ఉన్నాయి. వెంకట్రావు స్టూలు దిగి, మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. చేతులు ఖాళీగా లేవని చూసి తనే తాగించాడు. బ్యాగు డబ్బులు కూడా శ్రవణ్ చొక్కా జేబులోంచి తనే లెక్కపెట్టి తీసుకున్నాడు.

మెట్రో ఎక్కితే మూడో స్టేషనే ఎల్బీనగర్. పైకి పోయాడు కూడా. అక్కడ అందరూ బ్యాగులు దించి మిషన్ బెల్టు మీద పెడుతున్నారు, అవి నల్లటి రబ్బరు పేలికల కిందికి పోతున్నాయి, అది చూసి వెనక్కి తిరిగాడు. షేరింగ్ ఆటోవాళ్ళు ఎల్బీనగర్ ఎల్బీనగర్ అని పిలిచారు, కూర్చోవాలంటే దించాలి కదా, వద్దన్నాడు. మెట్రో పిల్లర్ల పక్కనే నడిచాడు. ఖాళీ బ్యాగు, అయినా నడుం వంగే ఉంది, వేళ్ళలో వేళ్ళు ఉండనే ఉన్నాయి. చైతన్యపురి వచ్చింది, హాస్టళ్ళ బోర్డులు, కోచింగ్ నుంచి గుంపులుగా దిగుతున్న పిల్లలు, అందరి వీపులకూ బ్యాగులే, ఒక్కరూ చేతులు వెనక పెట్టుకోలేదు. అక్కడే ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తుకు కొన్నాళ్ళు క్రాంతిని మోశాడు, గ్రూప్స్ రాస్తానన్నాడు వాడు. బిందుమాధవి అని ఒక అమ్మాయి రోజూ వీళ్ళిద్దరి కోసం మెట్ల కింది తలుపు తెరిచి పట్టుకునేది, థ్యాంక్స్ అనేవాడు వాడు, అన్న భుజం మీది నుంచి, కష్టపడి బొంగురు గొంతు తెచ్చుకొని. ఆ రోజుల్లో పొద్దున్నే దువ్వెన అడిగేవాడు, పాపిడి తీయమనేవాడు, వంకరొచ్చింది మళ్ళీ తీయమనేవాడు. ఎందుకో అడిగితే కొండ మీద నెట్‌వర్క్ రాదు వినబడ్తలేదు అనేవాడు. ఆ తలుపుకు ఇప్పుడు వేరే రంగు వేశారు. కొత్తపేట దాటాక వెనక నుంచి ఒక ఆటో వచ్చి మెల్లగా పక్కకు చేరింది. దశరథ. క్రాంతిని దవాఖానకు తిప్పింది ఆయన ఆటోలోనే. "ఎనకకెల్లి సూసి..." అన్నాడు దశరథ, బ్యాగు వైపు చెయ్యి చూపించి. శ్రవణ్ తలూపాడు. ఎక్కమని ఆయన అనలేదు, హారన్ కొట్టే బస్సులను లెక్కచేయకుండా ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడకకు సరిపడా ఆటో నడిపించి, అక్కడ చెయ్యెత్తి తిరిగిపోయాడు.

సందు, సందు చివర ఇల్లు, ఇంటి పక్క నుంచి మెట్లు. మొదటి మలుపు దగ్గర ఆగాడు, ఊపిరి ఆడక కాదు, అక్కడ ఆగాలి కాబట్టి ఆగాడు. చెవిలో ఎవరూ ఏమీ అనలేదు. ఎవరో అంటారని కాస్సేపు చూశాడు కూడా. రెండో మలుపు ఎక్కాడు, మెల్లగ, గాలి తక్కువుంటది కదా. తలుపు తీసే ఉంది. లోపలికి పోయి, ఏడాది నుంచి ఎవరూ పడుకోని కిటికీ పక్క మంచం వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఏం చేస్తున్నాడో అతనికి తెలుస్తూనే ఉంది, ఆపుకోలేకపోయాడు. రాధమ్మ వంటింట్లోంచి వచ్చింది, చేతులకు పిండి. కొడుకును చూసింది, బ్యాగును చూసింది, వెనక్కి పోయిన చేతులను చూసింది. రంగేంది, ఎంత పడ్డది, ఇంత ఆలస్యమేంది, ఒక్కటీ అడగలేదు. చేతులు కొంగుకు తుడుచుకొని వెనక్కి నడిచింది. వంగింది, మోకాలు కటుక్కుమన్నది. రెండు చేతులూ బ్యాగు అడుగుకు పెట్టింది, అతని వేళ్ళకు ఆమె వేళ్ళు తగిలాయి.

"పట్టుకున్న," అంది. చేతులు ఇంకొంచెం లోపలికి జరిపింది. "పట్టుకున్న బిడ్డా, ఇగ ఇప్పు."

అప్పుడు వదిలాయి చేతులు. ముందుకొచ్చి బకిల్ నొక్కాడు, టక్కున ఊడింది, భుజాల పట్టీల్లోంచి ఒక్కొక్క చెయ్యీ తీశాడు. రాధమ్మ బ్యాగును నేల మీద పెట్టలేదు. పై భాగం కింద ఒక చెయ్యి వేసి, కిటికీ వైపు తల వచ్చేటట్టు మంచం మీద మెల్లగా పడుకోబెట్టింది. పక్కన కూర్చొని దాని మీద చెయ్యి వేసింది. శ్రవణ్ మంచినీళ్ళు తాగాడు. బయట మెట్రో మలుపు తిరిగింది.

"మస్తు అల్కగున్నది," అంది రాధమ్మ. "పొద్దుగాల నిండ పెడ్దాం."